అదే పొద్దు, ఆరోసారి

నాకు తలకు దెబ్బ తగిలిన పొద్దు నా దగ్గర లేదు. ముందురోజు సాయంత్రం పదో తరగతి వాళ్ల పరీక్ష పేపర్లు దిద్దడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది దవాఖాన పైకప్పు, అక్కడ తిరుగుతున్న ఫ్యాను, ఆ తిరిగేదాన్ని ఏమంటారో ఎంత వెతికినా నోటికి రాకపోవడం. మధ్యలో రెండు వారాలు గడిచాయట. నేను చూడలేదు కాబట్టి చెప్పినవాళ్ల మాటే నమ్మాలి.

చెప్పేవాళ్లకేం కొదవ లేదు. దవాఖాన నుంచి ఆలూరులో మా ఇంటికి తీసుకొచ్చిన మర్నాటినుంచే జనం మొదలయ్యారు. మా ఇల్లంటే నన్ను కన్న అవ్వా నేనూ, అంతే. బాపు నేను డిగ్రీలో ఉండగానే పోయాడు. అవ్వ అరెకరంలో ఆకుకూరలు పండించేది. నేను మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. రోజూ స్కూటీ మీద చేవెళ్ల మీదుగా పోయి, సాయంత్రం అదే దారిన వచ్చేదాన్ని. ఒకరోజు పోయాను గానీ బడికి చేరలేదు.

మా వైపు ఎవరికైనా దెబ్బ తగిలిందంటే పోయి చూసిరావాలి. చూసిరాకపోతే రేపు పెళ్లికి పిలిచినా మొహం తిప్పుకుంటారు. అందుకని బ్రెడ్డు ప్యాకెట్టో, నాలుగు సంత్రాపళ్లో పట్టుకుని, తీరిక లేకపోయినా వస్తారు. వచ్చి, నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ముందుగా నాకు పరీక్ష పెడతారు.

"నన్ను గుర్తువట్టినవా బిడ్డా? చెప్పు, నేనెవర్ని?"

పదేళ్లు పిల్లలకు ప్రశ్నలు వేసినదాన్ని. వాళ్లు జవాబు రాక నీళ్లు నమిలితే చిరాకు పడినదాన్ని. ఆ ఉసురే తగిలిందేమో అనుకుని మొదట్లో బుద్ధిగా జవాబులు చెప్పాను. పాసైనప్పుడల్లా అందరూ సంబరంగా అవ్వ వైపు చూసేవాళ్లు. ఇరవయ్యో మనిషి అడిగేసరికి ఒళ్లు మండింది. ఆ ఇరవయ్యో మనిషి మా చిన్నమ్మ, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. "నువ్వు మన ఊరి సర్పంచ్‌వి" అన్నాను. ఆమె అక్కడికక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. టీచరమ్మకు మతి పూర్తిగా పోయిందని పొద్దుగూకేలోపు చేవెళ్ల దాకా పాకింది. అవ్వ నన్ను తిట్టిన తిట్లు మాత్రం మతి సరిగ్గా ఉన్నవాళ్లను తిట్టే తిట్లే. నాకు అది చాలా హాయిగా అనిపించింది.

పరీక్ష అయ్యాక నన్ను వదిలేసేవాళ్లు. "అన్నం తింటున్నదా? నిద్ర పోతున్నదా?" అని నా ముందే అవ్వను అడిగేవాళ్లు. నేను పాలివ్వడం మానేసిన బర్రెనన్నట్టు. నాతోనే మాట్లాడాల్సి వస్తే గొంతు పెంచి, ఒక్కొక్క మాట విడదీసి అరిచేవాళ్లు. నా చెవులు బాగానే ఉన్నాయని చెబుదామనుకుంటే, చెప్పాలనుకున్న మాట ఒకటి, వచ్చే మాట ఇంకొకటి. తాళంచెవి కావాలని గరిటె అడిగేదాన్ని. మాట తప్పిందని నాకు తెలిసేది. తెలిసీ సరిచేసుకోలేకపోవడంలో ఎంత కోపం ఉంటుందో, బయటనుంచి చూసేవాళ్లకు అది పిచ్చిలాగే కనిపిస్తుంది.

ఆ తర్వాత అవ్వ వంతు. వచ్చిన ప్రతి మనిషికీ మొదటినుంచి మొత్తం చెప్పాలి. అది కూడా మర్యాదే.

"పొద్దుగాల లేసింది. చాయ్ తాగింది. సల్లన్నం తిన్నది. బండి తీసింది. పోయొస్త అవ్వా అన్నది. గంతే."

ఇక్కడిదాకా ఎప్పుడూ ఒకటే. ఇక్కడ ఆగి కళ్లు తుడుచుకునేది. ఆ తర్వాత జరిగింది మాత్రం మనిషిని బట్టి మారేది. మా మేనమామ వచ్చినప్పుడు లారీ అడ్డం వచ్చింది. వెనకింటి లారీ డ్రైవరు భార్య వచ్చినప్పుడు లారీ మాయమై కుక్క అడ్డం వచ్చింది. ఇంటినిండా కుక్కల్ని సాకే చిన్నమ్మ కూర్చున్నప్పుడు రోడ్డు మీద కంకర పోసి ఉంది. రోడ్డు పనులు చేయించే గుత్తేదారు వచ్చినప్పుడు కంకర లేదు, నా చున్నీ చక్రంలో చుట్టుకుంది. ఎదుటి మనిషి మనసు నొవ్వకుండా నేను పడుతూ వచ్చాను. అసలు సంగతేమిటంటే, నేను పడడం ఎవరూ చూడలేదు. రోడ్డు పక్కన పడి ఉంటే దారినపోయే వాళ్లెవరో చూసి అంబులెన్సుకు ఫోన్ చేశారు. అవ్వకు తాను అబద్ధం చెబుతున్నానని అనిపించేది కాదు. అంతదూరం వచ్చిన మనిషిని "ఏమో, నాకు తెల్వదు" అని పంపడం ఆమెకు చేతకాదు, అంతే.

మంచం మీద పడుకుని అవన్నీ విన్నాను. అప్పట్లో నాకు పొద్దున విన్నది సాయంత్రానికి ఉండేది కాదు. కాబట్టి విన్న ప్రతిసారీ నమ్మాను, అవి వేరువేరని చాలా నెలలు విన్నాకే తెలిసింది. లారీ అంటే లారీ హారన్ చెవుల్లో మోగింది. కుక్క అంటే బ్రేకు మీద కాలు బిగిసింది. ఒకే ప్రమాదంలో ఎన్నిసార్లు పడ్డానో నాకే తెలియదు.

నా నవల ఆ మంచం మీద పుట్టింది.

పుస్తకాల్లో, సినిమాల్లో మెదడుకు దెబ్బ తగిలినవాళ్లను నేనూ చాలామందిని చూశాను. మొదటి దెబ్బకు అన్నీ మర్చిపోతారు, రెండో దెబ్బకు అన్నీ గుర్తొస్తాయి. లేదంటే కథంతా మంచం మీద కట్టెలా పడి ఉంటారు, పక్కన కూర్చున్నవాళ్లు గొప్పవాళ్లవుతారు. వాళ్ల ఓర్పు, వాళ్ల కన్నీళ్లు, వాళ్ల త్యాగం. పడుకున్న మనిషి ఏమనుకుంటోందో అడిగిన పాపాన ఎవరూ పోరు. నాకు కోపమొచ్చింది. దెబ్బ తగిలిన మనిషే మొదటినుంచి చివరిదాకా "నేను" అని చెప్పే నవల రాయాలనుకున్నాను. మధ్యలో ఇంకెవరికీ మైకు ఇవ్వకూడదు.

బడివాళ్లు నన్ను మళ్లీ రమ్మనలేదు. "రెస్టు తీసుకోండి టీచర్" అన్నారు. ఆ రెస్టు ఎప్పటిదాకా అని అడిగితే కిటికీలోంచి బయటికి చూశారు. సరే, తీసుకున్నాను. పొద్దున ఐదింటికి లేచి, అవ్వ కొత్తిమీర పీకి కట్టలు కట్టే వేళకు నేను అరుగు మీద కూర్చుని లాంగు నోటుబుక్కులో రాసేదాన్ని. ఎనిమిదింటికల్లా తల దిమ్మెక్కేది. ఆ తర్వాత రాసిందేదీ పనికొచ్చేది కాదు. నిన్న ఏం రాశానో ఇవాళ గుర్తుండదు కనక పాత కేలెండరు వెనక అధ్యాయాల వరస రాసి బీరువా తలుపుకు అంటించుకున్నాను. ఒకటి పూర్తయితే దాని పక్కన టిక్కు. మూడేళ్లు పట్టింది.

నా కథ చెప్పే మనిషి టీచరు కాదు. మొయినాబాద్ దగ్గర పూలతోటలో గులాబీలు కోసి కట్టలు కట్టే ఆమె. బండికి గులాబీ కట్టలు కట్టుకుని బయల్దేరిన పొద్దును ఆమె ఐదుసార్లు చెబుతుంది. ఒకసారి లారీ, ఒకసారి కుక్క, ఒకసారి కంకర, ఒకసారి చున్నీ. ప్రతిసారీ అదే నిజమన్నట్టు, మొదటిసారి చెబుతున్నట్టు, మొదటి మాట నుంచీ చెబుతుంది. ఐదోసారి, నవల చివర్లో, చున్నీ దాకా కూడా పోకుండా "నాకు తెలియదు" అంటుంది. వాటిని అధ్యాయాలు అనకుండా పొద్దులు అని పిలుచుకున్నాను. ఆ ఐదు పొద్దుల మధ్య ఆమె బతుకంతా ఉంటుంది. చదివేవాళ్లు కూడా ప్రతిసారీ నమ్మి, ప్రతిసారీ పడాలని నా పట్టుదల.

నాకు కంప్యూటరు తెర వైపు చూస్తే కళ్ల వెనక పోటు మొదలవుతుంది. అందుకని నోటుబుక్కులన్నీ తీసుకుపోయి చేవెళ్ల బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటరు అన్నకు ఇచ్చాను. ఆయన పెళ్లికార్డులు, పహాణీ కాగితాలు, తహసీల్దారుకు పెట్టుకునే అర్జీలు టైపు చేస్తాడు. మంచి మనిషి. నన్ను సొంత చెల్లెలి కంటే ఎక్కువ చూసుకుంటాడు. రెండు నెలలు, గిరాకీ లేని వేళల్లో కూర్చుని మొత్తం కొట్టి, నేను చెప్పిన చోటికి పంపేశాడు.

ఆ చోటు గండిపేటలో ఉంది. దెబ్బ తగలకముందు నా కథ ఒకటి అచ్చువేసిన ఎడిటరు మేడం ఉంటుందక్కడ. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. భర్తది కంప్యూటర్ల ఉద్యోగం, ఆమెకు పుస్తకాల పిచ్చి. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు వేస్తుంది. ఇరవై రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"వేస్తున్నామండీ. ఎంత శుభ్రంగా రాశారు! ఒక్క మాట ఎక్కువ లేదు. ఇంత దెబ్బ తగిలిన మనిషి రాశారంటే ఎవరూ నమ్మరు."

ఆ మెచ్చుకోలులో ముల్లుందని అప్పుడు తోచలేదు. ఎగిరి గంతేసినంత పని చేశాను. అవ్వ ఆ రోజు మడిలో ఉన్న పాలకూరంతా ఊరికే పంచిపెట్టింది.

వారానికి ప్రూఫులు వచ్చాయి. అరుగు మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మొదటి పొద్దు ఉంది. లారీ ఉంది. తర్వాత దవాఖాన. తర్వాత రెండో పొద్దు ఉండాలి. లేదు. దవాఖాన నుంచి తిన్నగా ఆమె ఇంటికి వచ్చేసింది. కాగితాలు అంటుకున్నాయేమోనని వేళ్లు తడిచేసి తిప్పాను. మూడోదీ లేదు. చున్నీ లేదు. చివర్న "నాకు తెలియదు" కూడా లేదు. లారీ అడ్డం వచ్చి పడిపోయి, ధైర్యంగా కోలుకున్న ఒక ఆడమనిషి కథ నా చేతిలో ఉంది. మంచి కథే. నాది కాదు.

అప్పుడు నాకు కలిగింది కోపం కాదు, భయం. అవి నేను రాయలేదేమో అనుకున్నాను. రాయాలనుకుని, కేలెండరు వెనక పేర్లు రాసుకుని, టిక్కులు పెట్టుకుని, రాశానని నమ్మానేమో. నోటుబుక్కులేమో చేవెళ్లలో ఉన్నాయి. "అవ్వా, కుక్కది నేను రాసిన్నా?" అని అడిగాను. "పొద్దుగాల లేసి రాసుకుంట కూసుంటివి బిడ్డా. ఏం రాసినవో నాకేం ఎర్క?" అంది. అవ్వకు సంతకం తప్ప రాదు. నాకు సాక్ష్యం చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు, ఆ నన్నే నమ్మడానికి లేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. పోయిన ఆ రెండు వారాల గురించి నేను ఎప్పుడూ అంత ఏడవలేదు.

మూడో రోజు అవ్వను వెంటబెట్టుకుని చేవెళ్ల బస్సెక్కాను. సెంటరు నిండా జనం, పట్టా పాసుపుస్తకాల జిరాక్సులు. అన్న నన్ను చూడగానే స్టూలు జరిపి, చాయ్ చెప్పాడు.

"అన్నా, నా పొద్దులేవి?"

"ఏం పొద్దులు చెల్లే?"

"కుక్క అడ్డమొచ్చిన పొద్దు. కంకర పొద్దు. నేను రాసిన్నా, రాయలేదా?"

"ఓ, గవా! రాసినవు, రాసినవు" అని నవ్వాడు. బల్ల కింద నుంచి నోటుబుక్కుల కట్ట తీసి నా ఒళ్లో పెట్టాడు. "ఒక్కటే ముచ్చట మల్ల మల్ల రాసినవు చెల్లే. పాపం, మర్చిపోయి రాసినవని నేనే సదిరిన. మొదటిది ఉంచి కడమయి తీసేసిన. నలుగురు చదివేది గద, నవ్వుతరని."

పేజీల మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీతలున్నాయి. పక్కన "రిపీట్" అని, ఆయన అందమైన పెళ్లికార్డు అక్షరాల్లో. ఆ గీతల కింద నా రాత ఉంది. కుక్క ఉంది. చున్నీ ఉంది. నేను రాశాను! ఒక్క క్షణం ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. మరుక్షణం కోపం తన్నుకొచ్చింది.

"నిన్నెవరు సదురుమన్నరన్నా? నవ్వితే నన్ను చూసి నవ్వుతరు, నీకేంది? ఒక్కసారి ఫోన్ చేసి అడగరాదా? లేకపోతే అడిగినా నాకు తెల్వదనుకున్నవా?"

జిరాక్సుల వాళ్లందరూ తిరిగి చూశారు. అన్న మొహం పాలిపోయింది. అవ్వ నా భుజం పట్టుకుంది. "అన్న మంచికే చేసిండు గద బిడ్డా, గట్ల ఒర్రుతవేంది?"

"నువ్వు ఊకో అవ్వా. వచ్చినోళ్లందరికి నువ్వు ఎన్నిసార్లు చెప్పినవు అదే ముచ్చట? లారీ అన్నవు, కుక్క అన్నవు. నీ ముచ్చట ఎవరన్న కొట్టేసిన్రా? నీ మతి పోయిందని ఎవరన్న అన్నరా? నేను చెప్తెనే రిపీటా?"

అవ్వ నా భుజం మీదినుంచి చెయ్యి తీసేసింది. చాయ్ వచ్చింది, ఎవరూ తాగలేదు. నోటుబుక్కులు సంచిలో వేసుకుని వచ్చేశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎర్రగీతలు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటూ కూర్చున్నాను. మొదటి పొద్దును ఉంచాడు. కాబట్టి నాలుగు పొద్దులకు గీతలుండాలి. కుక్క, కంకర, చున్నీ, తెలియదు. నాలుగూ ఉన్నాయి. ఊరికే ఆఖరి నోటుబుక్కు చివరిదాకా తిప్పాను. నవల అయిపోయిన తర్వాత రెండు తెల్ల పేజీలు వదిలేసి, మళ్లీ రాత. మళ్లీ ఎర్రగీత. మళ్లీ "రిపీట్".

అది ఆరో పొద్దు. కేలెండరు మీద లేదు. నా రాతే, నా పెన్నే. మొదటి మాటనుంచి మొదలై, కంకర దగ్గర పడింది. మూడోదే. గులాబీ కట్టల చోట బంతిపూలున్నాయి, అంతకుమించి తేడా లేదు. అందులో విశేషం ఏమన్నా ఉందేమోనని రెండుసార్లు చదివాను. ఏమీ లేదు. దాన్ని రాసినట్టు నాకు గుర్తు లేదు. నవల ముగించాననే సంగతి మర్చిపోయి, ఒక పొద్దున లేచి, ఇంకా రాయాల్సింది ఉందనుకుని, రాసినదాన్నే రాశాను.

ఇప్పుడే సెంటరు నిండా జనం ముందు అరిచి వచ్చాను. ఆయన కొట్టేసినవాటిలో ఒకదాని సంగతి ఆయనన్నదే రైటు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పిన్ను దగ్గర పట్టి లాగితే ఆ రెండు కాగితాలూ ఊడి వస్తాయి. బస్సు కిటికీ తెరిచే ఉంది. అన్నకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయనేమో ఇక నోరెత్తడు. కాగితం అంచు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. "ఏమైంది బిడ్డా?" అంది అవ్వ. "ఏం లేదు" అన్నాను. మా ఊరి స్టేజీ వచ్చేసింది, దిగిపోయాం.

గండిపేటకు మర్నాడే పోయాం. రెండు బస్సులు, ఒక ఆటో. గేటు దగ్గర కాపలా మనిషి ఫ్లాటు నంబరు అడిగితే నాకు రాలేదు. కాగితం చూపించేలోపే అవ్వ చెప్పేసింది, ఆమెకు అంకెలు నోటికే ఉంటాయి. ఐదో అంతస్తు. కిటికీలోంచి చెరువు నీళ్లు కనిపిస్తున్నాయి. మేడం కాఫీ ఇచ్చింది. అవ్వ ఒక గుక్క తాగి, మర్యాదకు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. జరిగింది చెప్పి నోటుబుక్కులు ముందు పెట్టాను. మేడం అక్కడే చదవడం మొదలుపెట్టింది. గంటన్నర సేపు తలెత్తలేదు.

"నేను ఎంత పొరపాటు పడ్డానండీ" అంది చివరికి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాను. నేను చదివింది మీ నవలే కాదు. ఐదూ ఉండాల్సిందే. ఆ 'నాకు తెలియదు' దగ్గర ఆపారు చూడండి, అంతకంటే మంచి ముగింపు ఉండదు."

గెలిచాను. మూడేళ్లు నేను కోరుకున్న మాటలు అవే. అప్పుడు ఆమె రెండు తెల్ల పేజీలు దాటి తిప్పింది.

"మరి ఇదేమిటండీ? మూడోదే కదా మళ్లీ?" అంతలోనే ఆమె మొహం విప్పారింది. "ఓహో. తెలియదు అని ఒప్పుకున్నాక కూడా ఆమె మళ్లీ మర్చిపోయింది, మళ్లీ కంకరనే నమ్మింది అనా? బంతిపూలు కూడా అందుకేనా?"

ఎంత మంచి మనిషి! తలుపు తానే తెరిచి పట్టుకుంది. అవునంటే చాలు. పదేళ్లు పిల్లలకు పాఠాల్లో లోతైన అర్థాలు పీకి చూపించినదాన్ని, బంతిపూలకు ఒక అర్థం చెప్పలేనా? గులాబీ ఎందుకు వాడింది, బంతి ఎందుకు వచ్చింది, రేపు ఎవరైనా పెద్దమనిషి వ్యాసం కూడా రాస్తాడు. అవునందామనే నోరు తెరిచాను.

"ఆమె కాదు మేడం. నేను మర్చిపోయిన."

"అంటే?"

"మూడోది రాసినట్టు గుర్తులేక మల్ల రాసిన. నవల అయిపోయిందని కూడ గుర్తులేదు. ప్లానుల లేదు ఇది. అన్న కొట్టేసిన అన్నిట్ల ఇదొక్కటి కరెక్టుగ కొట్టేసిండు."

ఆమె ఊపిరి వదిలింది. "అంతేనా? అయితే దీన్ని తీసేద్దాం, అయిపోతుంది."

"తీయొద్దు."

అనేదాకా ఆ మాట అంటానని నాకూ తెలియదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకునే ఉద్దేశం లేకపోయింది.

"అది కాదండీ, వినండి" అంది ఆమె నెమ్మదిగా. "మిగతావి మీరు ఆలోచించి, కావాలని కట్టినవి. అది కళ. ఇదేమో..." అని ఆగిపోయింది.

"చెప్పుండ్రి మేడం. ఇది రోగం."

"నేను ఆ మాట అనలేదు."

"అనబోయిన్రు."

ఆమె మొహం ఎర్రబడింది. నాకు జాలి వేసింది కానీ ఆగలేదు. ఆ ఐదు పొద్దులూ ఐదింటికి లేచి, తల నిలకడగా ఉన్నప్పుడు, లెక్క ప్రకారం కట్టినవి. దెబ్బ తగిలిన మనిషి ఎలా మర్చిపోతుందో తెలివిగా నటించి చూపించినవి. ఓపిగ్గా ఒక రోగి పక్కన కూర్చుంటే ఎవరైనా రాయగలరేమో. ఆరోది నటన కాదు. ఈ పుస్తకమంతా దేని గురించి మాట్లాడుతోందో అది జరిగిన ఒకే ఒక్క చోటు అది. అందంగా లేదు, ముగింపును పాడుచేస్తుంది, ఎవరికీ ఏ అర్థమూ ఇవ్వదు. నా దెబ్బ కూడా అంతే. అది అర్థవంతంగా ఉన్నంతసేపే పుస్తకంలో చోటిస్తాం, ఊరికే ఉంటే తీసేస్తాం అంటే, సంత్రాలు పట్టుకొచ్చి పరీక్ష పెట్టినవాళ్లకూ మనకూ తేడా ఏముంది? ఇదంతా ఇంత నీటుగా చెప్పలేదు. మాటలు తప్పాయి, ఒకచోట "పుస్తకం" అనడానికి "గంప" అన్నాను. ఆమె నవ్వలేదు. అర్థమైనట్టు తలూపింది.

అవ్వ చల్లారిన కాఫీ బల్ల మీద పెట్టింది. "ఏమంటున్నది బిడ్డా, ఈ అమ్మ?" అని నన్నడిగింది. ఆరోది మర్చిపోయి రాశానని, మేడం తీసేద్దామంటోందని, నేను వద్దంటున్నానని చెప్పాను.

"ఉండనియ్యమ్మా" అంది అవ్వ మేడంతో. "గప్పుడు గట్లనే ఉండె నా బిడ్డ."

నా తరఫున మాట్లాడుతోందని తెలుసు. అయినా ఊరుకోలేకపోయాను. "గప్పుడు కాదవ్వా. ఇప్పుడు సుత గట్లనే ఉన్న."

అవ్వ నా మొహంలోకి చూసింది. మూడేళ్లుగా వచ్చినవాళ్లందరికీ "ఇప్పుడు నయమైంది, అంతా నయమైంది" అని చెబుతోంది పాపం. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నయమైందన్న ఆ మాట ఆమె మళ్లీ ఎవరితోనూ అనలేదు.

"ముందుమాటలో ఈ సంగతి రాద్దామా అండీ?" అంది మేడం. "మీ పరిస్థితి తెలిస్తే పాఠకులు అర్థం చేసుకుంటారు. క్షమిస్తారు."

"ఎవర్ని క్షమిస్తరు? నేనేం తప్పు చేసిన? ముందుమాట వద్దు మేడం. అడిగినోళ్లకు నా నంబరు ఇయ్యుండ్రి."

 ఆమె నోటుబుక్కు దగ్గరికి లాక్కుని, తెల్ల పేజీలు రెండూ అట్లాగే వదిలెయ్యాలా అని అడిగింది. వదిలెయ్యాలన్నాను.

మళ్లీ చేవెళ్ల పోయి, అన్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "కడమయన్నీ కావాలని రాసినయే. ఆఖర్ది మాత్రం నువ్వన్నట్టే మర్చిపోయి రాసిన అన్నా. నీ మీద ఊకె ఒర్రిన." ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. "మరి తీసేద్దామా చెల్లే?" అన్నాడు ఆశగా. "టైపు చెయ్యి" అన్నాను. ఎర్రగీతల మీద వేలు పెట్టుకుంటూ అక్షరం పొల్లు పోకుండా కొట్టాడు.

పుస్తకం ఆరు పొద్దులతో వచ్చింది. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. చాలామంది మర్యాదగా, నన్ను నొప్పించకుండా మొదలుపెడతారు.

"అమ్మా, నవల అయిపోయినంక మూడో పొద్దు మల్ల అచ్చు పడ్డది. చూసుకోలేదా?"

"చూసుకున్న" అంటాను. "అది నేనే రాసిన."